ఎర్ర బేసిను

ప్రెషోవ్,
అక్టోబరు 16, 2003

వదినా,

మీ పేట షాపుకు ఫోన్ చేస్తే, "అరాంకా ఇంట్లో లేదు" అన్నాడు షాపువాడు. వెనకాల ఉల్లిపాయలు బేరమాడుతున్న గొంతు నీదే. ఒకరిచేత అబద్ధం చెప్పించేటప్పుడు కాస్త దూరంగా నిలబడాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి ఇంట్లో లేనని చెప్పలేవుగా.

అడిగేది ఒక్కటే. నేను వెళ్ళాక ఏం జరిగింది? నేను శిక్షణకు వచ్చిన ఆ శుక్రవారం, బడికి ముందు పిల్లలకు నేర్పడానికి మా సంస్థ పేటలో నడిపే గది కిటకిటలాడింది. తల్లులందరూ పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. పెద్ద విల్మా కూడా కర్ర పట్టుకుని వచ్చి మూల కూర్చుంది. ఆవిడ వచ్చిందంటే పేటంతా ఒప్పుకున్నట్టే కదా! ఆఫీసు నుంచి నాతో వచ్చిన కామిలా గారికి ఆనందం పట్టలేదు. పిల్లలచేత పిండి పిసికించాను. కొలవడం, వేళ్ళకు బలం రావడం, పొడి, తడి, మెత్తన లాంటి స్లోవాక్ మాటలు నోటికి పట్టడం, అన్నీ ఆ ఒక్క పనిలో ఉన్నాయని తల్లులకు చూపించాను. మీ ఇంట్లోంచి ఎర్ర బేసిను తెచ్చి అందులోనే కలిపాం. మన రొట్టెలు కాల్చి అందరికీ పంచాను. ఒక్కరూ వద్దనలేదు.

సోమవారం నుంచి గదికి ఒక్క పిల్ల రాలేదట. రోడ్డు పని మీద ఇటొచ్చిన అన్నయ్య చెప్పాడు. నీ కూతురు జోఫ్కాను కూడా నువ్వు పంపట్లేదట! గదిలో సహాయకురాలివి నువ్వే అయ్యుండి, ఇదేం పని?

డిసెంబరులో సంస్థ పెద్దలు చూడ్డానికి వస్తారు. ఖాళీ గదిని వాళ్ళు నడపరు, మూసేస్తారు. ఫిబ్రవరిలో జోఫ్కాకు బడి పరీక్ష. ఇంట్లో మన రోమా మాటే తప్ప స్లోవాక్ వినని పిల్లను వాళ్ళేం చేస్తారో తెలియదా? బుద్ధి ఎదగలేదని రాసి గుట్ట మీద బడికి తోలేస్తారు. అన్నయ్యా అక్కడే చదివాడు, నువ్వూ అక్కడే చదివావు. ఆ బడివాళ్ళు మీ ఇద్దరిలో ఒకరి విషయంలో పొరబడలేదని ఈ మధ్య నాకు అనిపిస్తోంది.

పిల్ల తప్పు జవాబు చెప్తే నవ్వకండి, కొట్టకండి, "ఎందుకలా అన్నావ్?" అని అడగండి. శిక్షణలో నేను చెప్పే మొదటి మాట ఇదే. నిన్నూ అదే అడుగుతున్నాను. ఎందుకు?

జోఫ్కాకు మేనత్త ముద్దులు. నీకేమీ లేవు.

గిజెలా


పేట,
అక్టోబరు 24

పట్నం టీచరమ్మ గారికి, బుద్ధి ఎదగని అరాంకా రాస్తున్నది.

తమరి ఉత్తరం అందింది. మీ అన్న చదివి సగంలో ఆపేసి పొయ్యిలో కట్టెలు సర్దడానికి లేచాడు. మిగతా సగం నేనే చదువుకున్నాను. గుట్ట మీద బడిలో మాకు చదవడం కూడా నేర్పార్లెండి. తప్పులుంటే దిద్ది పంపండి.

ఎందుకు అని అడుగుతున్నారు. అబ్బా, ఎంత అమాయకత్వం! తమరు ఈ ఇంట్లోనే పుట్టారు. ఈ గుమ్మంలోనే పాకారు. ఏం చేసి వెళ్ళారో తమరికి బాగా తెలుసు. ఆ మాట నా నోటితో చెప్పించి, నా చేత్తో కాగితం మీద పెట్టించాలని చూడకండి. అది ఆడవాళ్ళు గట్టిగా అనుకునే మాట కాదు, ఉత్తరంలో రాసే మాట అంతకన్నా కాదు.

నా సంగతి కూడా కాస్త వినండి. పెద్ద విల్మా రోజూ పొద్దున్నే మా ఇంట్లో కాఫీ తాగేది. ఇప్పుడు మా గుమ్మం ముందు నుంచి పోతూ, "కడుపులో బాలేదే అరాంకా" అంటోంది. షాపు దగ్గరికి వెళ్ళేసరికి ఆ కడుపు బాగవుతోంది. మొన్న మీ అన్న పుట్టినరోజుకి పంది పేగుల్లో బంగాళదుంప కూరి వండాను, ఎప్పుడూ కుండ అడుగు నాకేవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆ కూరంతా మేమే నాలుగు పూటలు తిన్నాం. పేటలో నేను తలెత్తుకు తిరగలేకపోతున్నాను, తెలుసా? ఇంకా జోఫ్కాను గదికి పంపాలట! అక్కడ ఒక్కత్తీ కూర్చుని గోడలతో స్లోవాక్ మాట్లాడుతుందా?

పరీక్ష గురించి నన్ను బెదిరించకు. ఆ బడి బెంచీల మీద కూర్చున్నది నేను, నువ్వు కాదు. అక్కడికి నా కూతురు పోకూడదని నీకన్నా నాకే ఎక్కువ ఉంది.

ఇంటి కప్పు మళ్ళీ కారుతోంది. అదీ మీ తప్పేనని చెప్పను.

అరాంకా


ప్రెషోవ్,
నవంబరు 3

వదినా,

మీరు, గారు, తమరు అంటే నాకు వణుకు పుడుతుందనుకున్నావా? మామూలుగా తిట్టు.

నీకు కోపం ఎందుకో ఇప్పుడర్థమైంది. నీ శిక్షణ ధ్రువపత్రం మీద టీచరు అని కాకుండా సహాయకురాలు అని వేశారనే కదా? అది నేను వేసింది కాదు. దానికోసం పేటలో పిల్లలందరి నోటి దగ్గర మాట లాక్కుంటావా? నా మీద ఉన్నది నా మీదే తీర్చుకో. విల్మా కాఫీ తాగకపోతే నేనేం చేసేది? నువ్వు ఆవిడ చెవిలో ఏం ఊదావో!

అన్నయ్యను మళ్ళీ కలిశాను. మాట రాబట్టాలని బీరు కూడా పట్టించాను. బీరు తాగాడు గానీ మాట మింగేశాడు. "ఆడవాళ్ళ గొడవ. శుభ్రం దగ్గర వచ్చింది. నన్నడక్కు" అని లేచిపోయాడు.

అంటే పిల్లల బట్టలు మాసి ఉన్నాయనీ, పట్నం వాళ్ళ ముందుకు తేవడానికి తల్లులు సిగ్గుపడుతున్నారనీ నాకు తోచింది. ఆ మాటే కామిలా గారికి చెప్పాను. ఆవిడ ఎంత బాధపడిందో! ఇంటింటికీ సబ్బులు, దువ్వెన, చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసిన కాగితం పెట్టెల్లో పెట్టి పంపిస్తోంది. పంచే పని నీదే. మొహం అలా మాడ్చుకోకుండా పంచు.

గిజెలా


పేట,
నవంబరు 12

గిజెలా,

సబ్బులు వచ్చాయి.

నువ్వు మామూలుగా తిట్టమన్నావు కాబట్టి మామూలుగానే రాస్తున్నాను. నీకు సిగ్గూ లజ్జా ఉన్నాయా? పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. వ్యాన్ డ్రైవరు నా పేరు అరిచి, నా గుమ్మంలోనే పెట్టెలు దించాడు. పేటంతా చుట్టూ మూగి చూసింది. పెట్టె మూత తీసి సబ్బు చూడగానే విల్మా ఏమందో తెలుసా? "ఎవరికి కావాలో వాళ్ళింటి ముందే దించారు, మంచి పని చేశారు" అంది. అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. జోఫ్కా వచ్చి, "అమ్మా, మనం మురికివాళ్ళమా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు దానికి?

ఇంక దాచేదేముంది. రాయను అన్నది రాస్తున్నాను. మీ కామిలా గారు ఎంత మంచిదైనా గాజో మనిషి, మన రోమా కాదు, మన ఇంటి సంగతులు ఆవిడకు తెలియవు. నీకేమొచ్చింది? బట్టలు ఉతికే దాంట్లో పిండి కలపకూడదని నీకు ఎవరైనా నేర్పాలా? ఆ ఎర్ర బేసినులో నేను లోపలి గుడ్డలు ఉతుకుతాను. రోజూ బోరింగు దగ్గర, అందరి కళ్ళ ముందే. నేను విల్మాను తీసుకురావడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి నువ్వు దాన్నిండా పిండి పోసి, పిల్లల చేతులు మోచేతుల దాకా అందులో ముంచి, పాటలు పాడిస్తున్నావు. అతిథివి, పక్కన పట్నం మనిషి. ఎవరు నోరెత్తుతారు? రొట్టెలు తీసుకుని, ఇంటికెళ్ళి తింటామని రుమాల్లో కట్టుకుని వెళ్ళి కుక్కలకు పడేశారు. ఆ రొట్టె తిన్నది ఇద్దరే. నువ్వూ, మీ కామిలా గారూ.

ఇప్పుడు అందరూ ఏమనుకుంటున్నారు? అరాంకా ఇంట్లో అంతా ఒకటే బేసిను, ఇన్నాళ్ళూ మనకు అందులోదే పెట్టింది అనుకుంటున్నారు. మా ఇంట తినడం అందుకే మానేశారు. నేనుండే గదికి పిల్లల్ని ఎలా పంపుతారు? నా పరువు తియ్యాలనే చేశావు. మీ అమ్మ ఇంట్లో పొరుగూరి పిల్ల పెత్తనం చెయ్యడం నీకెప్పుడూ ఇష్టం లేదు.

సబ్బులన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. వచ్చి తీసుకుపో.

అరాంకా


ప్రెషోవ్,
నవంబరు 17

వదినా,

ఆ రొట్టె నేను నాలుగు తిన్నాను. ఉత్తరం చదివాక ఎంతసేపు నోరు కడుక్కున్నానో నీకెందుకు చెప్పాలి.

కానీ ఒక్క మాట. నేను మర్చిపోయాననుకున్నావా? పట్నంలో పడి రోమా బుద్ధి పోగొట్టుకున్నాననుకున్నావా? నా అద్దె గదిలో కూడా గిన్నెలకొకటి, బట్టలకొకటి, ఒంటికొకటి బేసిన్లు విడిగానే ఉన్నాయి. నాతో ఉండే గాజో పిల్ల నవ్వితే నవ్వనీ అని ఊరుకున్నాను.

మా ఇంట్లో ఎర్రది పిండికే! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. అమ్మ పెళ్ళికి తెచ్చుకున్న బేసిను అది. బట్టలకు సీమ రేకుది వేరే ఉండేది. ఎర్రదాని దగ్గరికి మాసిన చేతులతో వెళ్ళినందుకు చిన్నప్పుడు అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను. ఆ రోజు నీ ఇంట్లోకి వెళితే అది బల్ల కింద, అమ్మ పెట్టే చోటే ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మ పిండి పిసికిన దాంట్లో ఈ పిల్లలూ పిసకాలని తెచ్చాను. అంత ప్రేమగా తెచ్చాను.

దాన్ని లోపలి గుడ్డలకు దించింది నువ్వు. ఎవరిని అడిగి దించావు? మా అమ్మ పోగానే ఆవిడ వస్తువుల మీద కసి తీర్చుకున్నావా? పిల్లల నోటి దగ్గర రొట్టె చెడగొట్టింది నేను కాదు, నువ్వే.

గిజెలా


పేట,
నవంబరు 22

గిజెలా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ అన్నను తిట్టడం కూడా మర్చిపోయాను నేను. మీ అన్నకు హాయిగా ఉన్నట్టుంది.

మీ అమ్మ ఆఖరి శీతాకాలం నీకు గుర్తుందా? నీకెలా గుర్తుంటుంది, నువ్వు ప్రెషోవ్‌లో చదువుకుంటున్నావు. చదువుకోమని పంపింది కూడా మీ అమ్మే, దానికి నిన్నేమీ అనను. మంచం మీద నుంచి ఆవిడ లేవలేని రోజులవి. రేకు బేసినుకు చిల్లు పడింది. బయట మంచు, ఊళ్ళోకి దారి మూసుకుపోయింది. ఒళ్ళు తుడవడానికి, పక్కగుడ్డలు తడపడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. బల్ల కింద నుంచి ఎర్రది నేను లాగుతుంటే మీ అమ్మ చూసి, "వద్దే అరాంకా, అది పిండిది" అంది. "పిండి మళ్ళీ దొరుకుతుంది అత్తా" అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ తర్వాత ఒళ్ళు తుడిచినన్నాళ్ళూ, "నీ చేతులు వెచ్చగా ఉన్నాయే" అనేది. అంతే అనేది, ఇంకేమీ అనేది కాదు.

ఆవిడ పోయాక అందులో పిండి ఎలా కలపను? నువ్వు కలుపుతావా? పారేద్దామంటే చేతులు రాలేదు. బట్టలకు వాడుకున్నాను, చోటు మాత్రం మార్చలేదు. పిండికి ఇప్పుడు తెల్లది ఉంది, పొయ్యి పక్కన, గుడ్డ కప్పి. అడిగితే చెప్పేదాన్ని.

"ఎందుకలా అన్నావ్ అని అడగండి, అడగండి" అని పేటలో తల్లులందరికీ నేర్పావు. నువ్వు ఒక్క మాట అడిగావా?

అరాంకా


ప్రెషోవ్,
నవంబరు 26

వదినా,

ఏడ్చాను. నీకు ఈ మాట రాయడం నాకేమీ ఇష్టం లేదు, కానీ ఏడ్చాను.

అలా అని నీ మీద కోపం పోయిందనుకోకు. ఏడేళ్ళుగా ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. ప్రతి పండక్కీ వచ్చి నీ ఇంట తిని వెళ్ళాను, అప్పుడైనా చెప్పొచ్చుగా. నీ పెదవి విప్పించాలంటే గది మూతపడే దాకా రావాలా?

గదిలో తల్లుల్ని కూర్చోబెట్టి, ఆఫీసు వాళ్ళ ముందు ఈ బేసిను కథ చెప్పమంటే మాత్రం చెప్పను. వాళ్ళు మనల్ని చూసే చూపు ఇప్పటికే చాలు. ఇంకో దారి ఉంది, అది నీకూ తెలుసు. ఆదివారం ఒంటరిగా వస్తున్నాను. పెద్ద కుండతో వండు. వాకిట్లో వండు, లోపల కాదు. తెల్లది అందరికీ కనబడేట్టు పెట్టు.

మంచి మాటలు మాట్లాడతానని మాత్రం ఆశపడకు.

గిజెలా


పేట,
డిసెంబరు 4

గిజెలా,

నువ్వు బస్సెక్కాక జరిగింది రాస్తున్నాను, లేకపోతే నాకేం పని.

ఆ చలిలో వాకిట్లో కూర్చుని, నా చేతి హాలుష్కీ పళ్ళెం మీద పళ్ళెం లాగించావు. బంగాళదుంప ముద్దలు గొంతులో ఉండగానే నన్ను తిట్టావు. తింటూ తిట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు. వదిన ఇంట్లో ఏదైనా లోపముంటే మొదట పట్టుకునేది ఆడపడుచే కదా, అలాంటిది నువ్వే తింటున్నావంటే చూడ్డానికి పేటంతా వచ్చింది. తిండి కోసం కాదు, తిట్ల కోసం వచ్చారు. నువ్వు లేచి, "మా అమ్మ కాలంలో ఇది పిండిది, ఇప్పుడు గుడ్డలది, నాకెవరూ చెప్పలేదు, ఇదిగో పిండిది ఆ తెల్లది!" అని ఎర్రదాన్ని ఒక్క తన్ను తన్నావే, అది దొర్లుకుంటూ వెళ్ళి విల్మా కాళ్ళ దగ్గర ఆగింది. మీద పూసిన పింగాణీ పెచ్చు ఊడింది. నాకు నవ్వు ఆగలేదు, అక్కడే నీకు మళ్ళీ కోపం వచ్చింది.

నువ్వెళ్ళిపోయాక కూడా ఎవరూ కదల్లేదు. కుండలో ఇంకా ఉంది. విల్మా తెల్లదాని దగ్గరికి వెళ్ళి, కప్పిన గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పింది. "అరాంకా, చెంచా ఏదే?" అంది. ఇంకేం కావాలి నాకు? తర్వాత కుండ అడుగు నాకేవాళ్ళు వచ్చి నాకారు.

సోమవారం గది నిండింది. సబ్బు పెట్టెలు బోర్లించి పిల్లలకు కుర్చీలు చేశాను, సబ్బులు అందరూ తీసుకుపోయారు.

నువ్వు చేసింది మంచి పనేనని ఒప్పుకోను. నువ్వు చెడగొట్టింది నువ్వే బాగుచేశావు.

అరాంకా


ప్రెషోవ్,
జనవరి 28, 2004

వదినా,

డిసెంబరులో వచ్చిన పెద్దలు గదిని ఉంచుతామన్నారు. నిన్ను టీచరు అని రాయమని నేను అడిగాను. నీ కోసం కాదు, నీ సణుగుడు వినలేక.

జోఫ్కా పరీక్ష ఫిబ్రవరి పదకొండున. జాగ్రత్తగా విను. వాళ్ళు బొమ్మలు చూపించి అడుగుతారు, స్లోవాక్‌లోనే జవాబు చెప్పాలి. తల్లిని పక్కన కూర్చోనిస్తారు గానీ మాట్లాడనివ్వరు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను, నోరు మూసుకుని కూర్చో. తల్లి మధ్యలో దూరితే పిల్లకు చేతకాదని రాసేస్తారు. ఆ గదిలో నువ్వు పులి వేషం వేశావా, జోఫ్కాను గుట్ట ఎక్కించింది నువ్వే అవుతావు.

ఒళ్ళు దగ్గర పెట్టుకో.

గిజెలా


పేట,
ఫిబ్రవరి 13

గిజెలా,

నోరు మూసుకోమన్నావు. మూసుకునే కూర్చున్నాను, కాసేపు.

ఇల్లు, గొడ్డలి, ఆవు, అన్నీ చెప్పింది జోఫ్కా. పొడి, తడి కూడా చెప్పింది.  అప్పుడు పరీక్ష పెట్టే ఆవిడ ఇంకో బొమ్మ తీసింది. ఏం బొమ్మో తెలుసా? ఎర్ర బేసిను. నామీద ఒట్టు, ఎర్రదే.

"ఇది దేనికి పాపా?" అంది.

జోఫ్కా ఆ బొమ్మ చూసింది, నన్ను చూసింది. "ఎవరింట్లో?" అంది.

ఆవిడ మళ్ళీ అడిగింది. ఇది మళ్ళీ, "ఎవరింట్లో?" అంది. ఆవిడ కాగితం మీద అడ్డగీత పెట్టింది. పెన్ను కదిలిన చప్పుడు నేను విన్నాను. గుట్ట మీద బడికి నన్ను పంపిన రోజున కూడా ఒకావిడ అలాగే గీసింది. మా అమ్మ పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు.

నేను లేచాను. "అమ్మా, ఎందుకలా అన్నావని దాన్ని అడగండి" అన్నాను.

"తల్లులు మాట్లాడకూడదు."

"నేను చెప్పను, మీరే అడగండి. అడిగేదాకా నేను కూర్చోను."

ఆవిడ మొహం ఎర్రబడింది. అయినా అడిగింది. అప్పుడు నీ మేనకోడలు స్లోవాక్‌లో ఏం చెప్పిందో, ఒక్క ముక్క పొల్లుపోకుండా రాస్తున్నాను. "మా నానమ్మ ఇంట్లో ఎర్రది రొట్టెలకి. మా అమ్మ ఇంట్లో ఎర్రది గుడ్డలకి. అత్త తెలీక పిండి కలిపేసింది, తర్వాత కాలితో తన్నింది. అందుకని ఎవరిల్లో అడక్కుండా చెయ్యి పెట్టకూడదు."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. ఈ పిల్ల ఏమంటోందని నన్ను అడిగింది. చెప్పాను. మన ఇళ్ళలో ఏది దేనికో, ఎందుకో, అంతా ఒక గాజో మనిషికి కూర్చుని చెప్పాను. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఉత్తరాల్లో తిట్టుకుంటూ శీతాకాలం తెచ్చుకున్నాం. అక్కడ మాత్రం నా కూతురి కోసం గడగడా చెప్పేశాను. ఆవిడ విని, ఆ అడ్డగీతను కొట్టేసి, దాని పక్కన ఏదో పెద్దగా రాసుకుంది.

సెప్టెంబరులో జోఫ్కా ఊళ్ళో బడికి వెళ్తుంది. మామూలు బడికి. ఆ మాట విని మీ అన్న బస్టాండులో అందరి ముందూ ఏడ్చాడు, నాకు తల తీసేసినట్టయింది.

ఇందులో నీ గొప్పేమీ లేదు. పరువు తీశావు, సబ్బులు పంపావు, మీ అమ్మ వస్తువు పెచ్చు ఊడగొట్టావు. ఇవేవీ నేను మర్చిపోను.

ఎర్ర బేసినును రుద్ది కడిగి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అది మీ అమ్మది, నీ దగ్గరే ఉండనీ. నీ ఇంట్లో దాన్ని దేనికి వాడుకుంటావో నీ ఇష్టం. నేను వచ్చినప్పుడు అడుగుతాను. అడిగాకే ముట్టుకుంటాను.

టీచరు అరాంకా